టేరీ కుటీరం

టేరీ కుటీరం (స్లోవక్ భాషలో టేరిహో ఖటా) స్లోవేకియా దేశపు ఉత్తర భాగములోని ఉన్నత టాట్రా పర్వతాలలో, సముద్ర మట్టమునకు 2,015 మీటర్ల ఎత్తున ఉన్న ఒక పర్వత ఆశ్రయ గృహము. ఇది మాలా స్టుడెనా డోలినా అనే లోయ యొక్క ఎగువ భాగములో, ఐదు స్పిష్ సరస్సులు అనే చిన్న సరస్సుల సముదాయము పక్కన ఉన్నది. సంవత్సరము పొడవునా తెరచి ఉండే ఆశ్రయ గృహాలలో స్లోవేకియా మొత్తానికి ఇదే అత్యంత ఎత్తైనది. దీనికన్నా ఎత్తున, 2,250 మీటర్ల వద్ద ఉన్న రీసీ కుటీరం వేసవిలో మాత్రమే పనిచేస్తుంది. 1899లో ప్రారంభించబడిన టేరీ కుటీరానికి నేటికీ రోడ్డు గాని, తీగ మార్గము గాని లేదు. అతిథులకు వడ్డించే ఆహారములో అధిక భాగము మోతగాళ్ళ వీపుల మీదనే పైకి చేరుతుంది.

స్టారీ స్మోకోవెత్స్ అనే విడిది పట్టణము నుండి ఈ కుటీరానికి వెళ్ళి తిరిగి రావటము ఒక పూర్తి రోజు పట్టే శ్రమతో కూడిన నడక. ఒక వైపు ప్రయాణములోనే వెయ్యి మీటర్ల ఎత్తు ఎక్కవలసి ఉంటుంది. టాట్రా పర్వతాలలో అత్యధికముగా నడిచే దారులలో ఇది ఒకటి.

ముఖ్య వివరాలు

* దేశము: స్లోవేకియా
* పర్వత శ్రేణి: కార్పాతియన్ పర్వతాలలోని ఉన్నత టాట్రా
* ఎత్తు: 2,015 మీటర్లు
* ప్రారంభము: 1899 ఆగష్టు 21
* వాస్తుశిల్పి: గెడియోన్ మయూంకే
* యజమానులు: స్లోవక్ పర్యాటకుల సంఘము మరియు స్లోవక్ పర్వతారోహకుల సంఘము (యామెస్)
* పడకలు: సుమారు 24
* సమీప రైలు కేంద్రము: స్టారీ స్మోకోవెత్స్

పేరు

కుటీరానికి ఏడెన్ టేరీ (1856 - 1917) పేరు పెట్టారు. ఈయన హంగేరీకి చెందిన వైద్యుడు మరియు పర్వతారోహకుడు. ఆ కాలములో నేటి స్లోవేకియా ప్రాంతము హంగేరీ రాజ్యములో భాగముగా ఉండేది. టాట్రా పర్వతాలలో నడక దారులు, ఆశ్రయ గృహాలు ఏర్పడాలని కృషి చేసిన వారిలో టేరీ ముఖ్యుడు. 1918లో ఆస్ట్రియా-హంగేరీ సామ్రాజ్యము విచ్ఛిన్నమై చెకొస్లోవేకియా ఏర్పడిన తరువాత కూడా కుటీరము పేరు మారలేదు.

"ఖటా" అనగా స్లోవక్ భాషలో చిన్న ఇల్లు, కుటీరము అని అర్థము. పర్వత ఆశ్రయ గృహాలన్నిటికీ ఇదే పదము వాడుతారు. అటువంటి గృహాన్ని నిర్వహించే వ్యక్తిని "ఖటార్" అంటారు. "ప్లెసో" అనగా పర్వత సరస్సు, "ష్టీట్" అనగా శిఖరము, "సెడ్లో" అనగా కనుమ. మాలా స్టుడెనా డోలినా అనే పేరుకు "చిన్న చల్లని లోయ" అని అర్థము. దీని పక్కనే వెల్కా స్టుడెనా డోలినా, అనగా "పెద్ద చల్లని లోయ" ఉన్నది.

భౌగోళికము

ఉన్నత టాట్రా పర్వతాలు ప్రధానముగా గ్రానైటు జాతి శిలలతో ఏర్పడినవి. విస్తీర్ణములో చిన్నవైనా, కార్పాతియన్ శ్రేణి మొత్తములో అత్యంత ఎత్తైన శిఖరాలు ఇక్కడే ఉన్నాయి. వీటిలో గెర్లాఖోవ్‌స్కీ ష్టీట్ (సుమారు 2,655 మీటర్లు) అన్నిటికన్నా ఎత్తైనది. ప్రస్తుతము టాట్రాలో హిమానీనదాలు లేవు. అయితే మంచుయుగములో ఇక్కడ పెద్ద హిమానీనదాలు ఉండేవి. నేటి లోయల ఆకారము, సరస్సులు, గుట్టలుగా పడి ఉన్న బండరాళ్ళు అన్నీ ఆ హిమానీనదాల వలన ఏర్పడినవే.

హిమానీనదము కిందికి జారేటప్పుడు లోయ అడుగును ఒకే విధముగా కోయదు. శిల మెత్తగా లేదా పగుళ్ళతో ఉన్న చోట లోతుగా తొలుస్తుంది. గట్టిగా ఉన్న చోట ఎత్తైన అరుగును మిగులుస్తుంది. అందువలన ఇటువంటి లోయలు మెట్ల వరుస వలె ఉంటాయి. ప్రతి మెట్టు మీద ఒక చదునైన భాగము, దాని చివర ఒక నిటారైన గోడ కనిపిస్తాయి. మాలా స్టుడెనా డోలినాలో ఎగువ మెట్టు అంచున ఉన్న రాతి అరుగు మీద టేరీ కుటీరాన్ని నిర్మించారు. మెట్టు మీది గుంటలలో నీరు నిలిచి ఐదు సరస్సులు ఏర్పడినాయి.

కుటీరము చుట్టూ మూడు వైపులా ఎత్తైన శిఖరాలు ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనవి:

* లోమ్నిత్స్కీ ష్టీట్ - 2,634 మీటర్లు
* ల్యాడోవీ ష్టీట్ - 2,627 మీటర్లు
* పిష్నీ ష్టీట్ - 2,621 మీటర్లు
* బారానియె రోహీ - 2,526 మీటర్లు
* ప్రోస్ట్రెడ్నీ హ్రోట్ - 2,441 మీటర్లు

ల్యాడోవీ ష్టీట్ అనగా "మంచు శిఖరము". 1843లో ఐరిష్ ప్రకృతి శాస్త్రవేత్త జాన్ బాల్ దీనిని అధిరోహించాడు. ఈయనే తరువాతి కాలములో లండనులోని ఆల్పైన్ క్లబ్బుకు మొదటి అధ్యక్షుడు అయినాడు. లోమ్నిత్స్కీ ష్టీట్ శిఖరానికి అవతలి వైపు నుండి తీగ మార్గము ఉన్నది. శిఖరము మీద వాతావరణ పరిశీలనా కేంద్రము పనిచేస్తున్నది.

ఐదు స్పిష్ సరస్సులు

స్పిష్ అనేది టాట్రా పర్వతాలకు దక్షిణ, తూర్పు దిక్కులలో ఉన్న చారిత్రక ప్రాంతము పేరు. ఐదు సరస్సులకు పెద్దది, చిన్నది, మధ్యది, ఎగువది, దిగువది అనే అర్థము వచ్చే పేర్లు ఉన్నాయి. ఇవన్నీ సుమారు 2,000 మీటర్ల ఎత్తున ఉన్నాయి. వీటిలో వెల్కే స్పిష్‌స్కే ప్లెసో (పెద్ద స్పిష్ సరస్సు) అన్నిటికన్నా పెద్దది. వాన నీరు, కరిగిన మంచు వీటికి ఆధారము. సరస్సుల నుండి పొంగిన నీరు కుటీరము కింది రాతి గోడ మీదుగా జలపాతాలై దూకి, మాలీ స్టుడెనీ పోటోక్ అనే వాగుగా లోయలో ప్రవహిస్తుంది.

సంవత్సరములో సగానికి పైగా కాలము ఈ సరస్సుల మీద మంచు గడ్డకట్టి ఉంటుంది. జూన్ నెలలో కూడా తేలుతున్న మంచు పలకలు కనిపించటము సాధారణమే. చుట్టూ మట్టి, వృక్షసంపద చాలా తక్కువగా ఉండుట వలన నీటిలో పోషకాలు తక్కువ. అందువలన నీరు ఎంతో స్వచ్ఛముగా ఉంటుంది.

పైకి ఎంత స్వచ్ఛముగా కనిపించినా ఈ సరస్సులు మానవ ప్రభావమునకు అతీతము కావు. గ్రానైటు శిల నీటిలోని ఆమ్లాన్ని తటస్థీకరించలేదు. 20వ శతాబ్దపు రెండవ భాగములో మధ్య ఐరోపాలోని బొగ్గు విద్యుత్ కేంద్రాలు, కర్మాగారాల నుండి వెలువడిన గంధక వాయువులు ఆమ్ల వర్షముగా కురిసి టాట్రా సరస్సులలో పలు వాటిని ఆమ్లీకరించాయి. కొన్ని సరస్సులలో సూక్ష్మ జలచరాల జాతులు కనుమరుగైనాయి. 1989 తరువాత ఈ వాయువులు బాగా తగ్గుట వలన నీటి రసాయనిక స్థితి క్రమముగా మెరుగుపడుతున్నది. దూరమున ఉన్న పొగగొట్టము ఎవరూ నివసించని ఎత్తులోని నీటిని సైతము ఎలా పాడు చేయగలదో తెలుసుకొనుటకు టాట్రా సరస్సులు శాస్త్రవేత్తలకు ముఖ్యమైన ఉదాహరణగా ఉపయోగపడినాయి.

చరిత్ర

టాట్రా పర్వతాలలో పర్యాటకము 19వ శతాబ్దములో వృద్ధి చెందినది. చల్లని లోయల ముఖద్వారము వద్ద 1863లో రైనర్ కుటీరాన్ని నిర్మించారు. ఉన్నత టాట్రాలోని ఆశ్రయ గృహాలన్నిటిలో ఇదే పురాతనమైనది. ఒకే గది వంటి ఈ రాతి కట్టడము ఇప్పటికీ నిలిచి ఉన్నది. దీనిలో మోతగాళ్ళ పనిముట్లకు సంబంధించిన చిన్న ప్రదర్శన ఉన్నది.

1873లో హంగేరియన్ కార్పాతియన్ సంఘము స్థాపించబడినది. నడక దారులను వేయటము, కుటీరాలను కట్టటము దీని ముఖ్య ఆశయాలు. ఈ కాలములోనే టేరీ కృషి ఫలితముగా చిన్న చల్లని లోయ ఎగువన ఒక ఆశ్రయ గృహము కావాలన్న ఆలోచన రూపు దిద్దుకున్నది. స్పిష్ ప్రాంతపు వాస్తుశిల్పి గెడియోన్ మయూంకే దీని నమూనాను రూపొందించాడు. 1899 ఆగష్టు 21న కుటీరము ప్రారంభమైనది. హిమపాతము దారికి దూరముగా, రాతి అరుగు మీద, స్థానిక శిలతో కట్టిన ఈ భవనము తరువాతి దశాబ్దాలలో పలుమార్లు మరమ్మతులు పొందినా మొదటి స్థలములోనే కొనసాగుతున్నది.

1908లో రెండు రైలు సౌకర్యాలు ఏర్పడినాయి. పోప్రాడ్ పట్టణము నుండి స్టారీ స్మోకోవెత్స్ వరకు విద్యుత్ రైలు నడవసాగినది. స్టారీ స్మోకోవెత్స్ నుండి హ్రెబియెనోక్ అనే కొండ అంచు వరకు తాడుతో లాగే రైలు మార్గము మొదలైనది. దీనితో సామాన్య ప్రజలు కూడా ఒక్క రోజులో పర్వత సరస్సులను చూసి తిరిగి వెళ్ళే అవకాశము కలిగినది. తాడు రైలును 2007లో ఆధునీకరించారు.

దారి మధ్యలో ఉన్న జాంకోవ్‌స్కీ కుటీరం చరిత్ర ఈ ప్రాంతపు రాజకీయ మార్పులకు అద్దము పడుతుంది. పర్వత మార్గదర్శి అయిన ష్టెఫాన్ జాంకోవ్‌స్కీ 1942 - 43 సంవత్సరాలలో దీనిని నిర్మించాడు. 1948లో కమ్యూనిస్టు పాలన ఏర్పడిన తరువాత ప్రభుత్వము దీనిని జాతీయము చేసినది. రెండవ ప్రపంచ యుద్ధములో మరణించిన యాన్ నాలెప్కా పేరున దీనిని "కెప్టెన్ నాలెప్కా కుటీరము" అని పిలిచారు. 1989లో ఆ పాలన అంతమైన తరువాత కుటీరము తిరిగి జాంకోవ్‌స్కీ కుటుంబానికి చేరినది. పాత పేరు కూడా తిరిగి వచ్చినది.

నడక మార్గము

చెక్, స్లోవక్ దేశాలలో నడక దారులను గుర్తించే పద్ధతి 1889 నుండి వాడుకలో ఉన్నది. రెండు తెల్లని గీతల మధ్య ఎరుపు, నీలము, ఆకుపచ్చ లేదా పసుపు గీతను చెట్ల మీద, రాళ్ళ మీద వేస్తారు. స్లోవేకియాలో కూడళ్ళలోని సూచిక ఫలకాల మీద దూరము బదులు నడకకు పట్టే సమయము వ్రాసి ఉంటుంది. పర్వతాలలో ఒక కిలోమీటరు నడకకు ఒక చోట పావు గంట, మరొక చోట గంట పట్టవచ్చును. కనుక ఈ పద్ధతి ప్రయాణికులకు ఎక్కువ ఉపయోగకరము.

మొదటి దశ: స్టారీ స్మోకోవెత్స్ నుండి హ్రెబియెనోక్

స్టారీ స్మోకోవెత్స్ 1,010 మీటర్ల ఎత్తున, హ్రెబియెనోక్ 1,285 మీటర్ల ఎత్తున ఉన్నాయి. అడవి మధ్యగా నడిచిన వారికి సుమారు ఒక గంట పడుతుంది. తాడు రైలులో అయితే కొద్ది నిమిషాలు చాలును. ఈ వాలులో ఒకప్పుడు దట్టమైన స్ప్రూస్ అడవి ఉండేది. 2004 నవంబరు 19న వీచిన పెనుగాలి టాట్రా దక్షిణ వాలులలో 12,000 హెక్టార్లకు పైగా అడవిని కొన్ని గంటలలో నేలకూల్చినది. ఇప్పుడు అక్కడ కొత్త అడవి పెరుగుతున్నది.

రెండవ దశ: హ్రెబియెనోక్ నుండి జాంకోవ్‌స్కీ కుటీరం

ఈ దశకు సుమారు ఒక గంట పడుతుంది. దారి మొదట రైనర్ కుటీరము, స్టుడెనీ పోటోక్ జలపాతాల సమీపముగా వెళ్తుంది. తరువాత ఎరుపు గుర్తులు గల టాట్రా మహా మార్గమును అనుసరించి, ఒబ్రోవ్‌స్కీ (మహాకాయ) జలపాతము వద్ద వంతెన దాటి పైకి ఎక్కుతుంది. జాంకోవ్‌స్కీ కుటీరం 1,475 మీటర్ల ఎత్తున, అడవి చివరి అంచు దగ్గర ఉన్నది. ఇక్కడి వరకు దారి సులభము. చిన్న పిల్లలతో వచ్చే కుటుంబాలు సాధారణముగా ఇక్కడి నుండే వెనుదిరుగుతాయి.

మూడవ దశ: జాంకోవ్‌స్కీ కుటీరం నుండి టేరీ కుటీరం

అసలైన శ్రమ ఇక్కడ మొదలవుతుంది. ఆకుపచ్చ గుర్తులను అనుసరించి 540 మీటర్ల ఎత్తు ఎక్కాలి. దీనికి సుమారు రెండు గంటలు పడుతుంది. మొదట దారి లోయ అడుగున మరుగుజ్జు పైన్ పొదల మధ్యగా వాగు పక్కన సాగుతుంది. ఎదురుగా రాతి గోడ, దాని పైన చిన్న చుక్క వలె కుటీరము కనిపిస్తాయి. దగ్గరగా కనిపించినా చేరుటకు చాలా సమయము పడుతుంది. చివరి భాగములో దారి పెద్ద బండరాళ్ళ మీద అనేక మలుపులు తిరుగుతూ నిటారుగా ఎక్కుతుంది. తడిసినప్పుడు ఈ రాళ్ళు జారుతాయి. గోడ పైకి చేరగానే కుటీరము, దాని వెనుక సరస్సులు ఒక్కసారిగా కనిపిస్తాయి.

తిరుగు ప్రయాణము

వచ్చిన దారినే తిరిగి స్టారీ స్మోకోవెత్స్ చేరుటకు సుమారు మూడు గంటలు పడుతుంది. దిగుట ఎక్కుట కన్నా సులభమని భావించటము పొరపాటు. అలసిన కాళ్ళతో రాతి మెట్లు దిగేటప్పుడు మోకాళ్ళ మీద భారము ఎక్కువగా పడుతుంది. పర్వత మార్గాలలో చాలా ప్రమాదాలు దిగేటప్పుడే జరుగుతాయి.

కనుమల మీదుగా ఇతర మార్గాలు

టేరీ కుటీరము పైన దారి రెండుగా చీలుతుంది.

* సెడియెల్కో కనుమ (2,376 మీటర్లు): ఉన్నత టాట్రాలో గుర్తులు వేసిన దారి దాటే కనుమలలో ఇదే ఎత్తైనది. ఇక్కడి నుండి దారి ఉత్తర దిక్కుగా పొడవైన యావోరోవా లోయలోకి దిగుతుంది.
* ప్రియెచ్నె సెడ్లో కనుమ (2,352 మీటర్లు): పసుపు గుర్తులు గల ఈ దారి పెద్ద చల్లని లోయలోని జ్బోయ్నీత్స్కా కుటీరానికి (1,960 మీటర్లు) చేరుస్తుంది. కనుమ దగ్గర నిటారైన రాతి గోడను గొలుసులు, ఇనుప ఊతాల సాయముతో ఎక్కవలెను. ఇరుకైన ఈ గోడ మీద ఎదురెదురుగా వచ్చేవారు తప్పుకొనుట కష్టము. అందువలన దీనిని ఏకముఖ మార్గముగా నిర్ణయించారు. టేరీ కుటీరము వైపు నుండి మాత్రమే ఎక్కవలెను.

రెండు లోయలను కలుపుతూ ప్రియెచ్నె సెడ్లో మీదుగా హ్రెబియెనోక్ చేరే ప్రదక్షిణ మార్గమునకు ఎనిమిది నుండి తొమ్మిది గంటల నడక అవసరము. ఎత్తు అంటే భయము ఉన్నవారికి ఇది తగినది కాదు.

మోతగాళ్ళు

టాట్రాలోని ఎత్తైన కుటీరాలకు సరుకులు మోసే వారిని స్లోవక్ భాషలో "నొసిచి" అంటారు. ఆల్ప్స్ పర్వతాలలో అధిక భాగము ఆశ్రయ గృహాలకు హెలికాప్టరు ద్వారా గాని, సరుకుల తీగ మార్గము ద్వారా గాని సామాగ్రి చేరుతుంది. టాట్రాలో మాత్రము జాంకోవ్‌స్కీ, టేరీ, జ్బోయ్నీత్స్కా, రీసీ కుటీరాలకు మోతగాళ్ళ వృత్తి నేటికీ సజీవముగా ఉన్నది. ఇనుప సామాను, భవన సామాగ్రి వంటి భారీ వస్తువులకు మాత్రము అప్పుడప్పుడు హెలికాప్టరును వాడుతారు.

మోతగాడు వీపునకు తగిలించుకొనే చెక్క చట్రాన్ని "క్రోష్న్యా" అంటారు. పిండి, కూరగాయలు, పానీయాల పీపాలు, గ్యాసు బండలు వంటి వాటిని చట్రము మీద ఒకదాని పైన ఒకటి పేర్చి తాళ్ళతో బిగిస్తారు. బరువు తలకన్నా ఎత్తుగా ఉంటుంది. బరువును ఎత్తుగా పేర్చుట వలన అది నడుము కిందికి లాగకుండా కాళ్ళ మీదికి నేరుగా దిగుతుంది. అయితే బలమైన గాలి వీచినప్పుడు ఇదే ప్రమాదకరము అవుతుంది. 60 కిలోల పైబడిన మోతలు సాధారణము. అనుభవజ్ఞులు 100 కిలోలు కూడా మోస్తారు. లాదిస్లావ్ కులాంగా అనే మోతగాడు జాంకోవ్‌స్కీ కుటీరానికి ఒకే విడతలో 207.5 కిలోలు మోసినట్లు ప్రసిద్ధి.

మోతగాళ్ళలో విద్యార్థులు, పర్వతారోహకులు, వేరే ఉద్యోగాలు చేసుకొనేవారు కూడా ఉంటారు. మోసిన బరువును బట్టి కూలి లభిస్తుంది. శీతాకాలములో పని మరింత ప్రమాదకరము. హిమపాతాలలో చిక్కుకొని ప్రాణాలు కోల్పోయిన మోతగాళ్ళు ఉన్నారు. మోతగాళ్ళ మధ్య "షెర్పా ర్యాలీ" అనే పోటీ 1980ల నుండి జరుగుతున్నది. స్లోవక్ దర్శకుడు పావోల్ బారాబాష్ 2016లో వీరి జీవితము మీద ఒక డాక్యుమెంటరీ చిత్రము నిర్మించాడు.

కుటీరములో దొరికే ఒక గిన్నెడు పులుసు, ఒక కప్పు తేనీరు ధర లోయలోని ధరల కన్నా ఎక్కువగా ఉండుటకు కారణము ఇదే. పైకి వచ్చిన ప్రతి వస్తువు యొక్క ఖాళీ సీసా, డబ్బా తిరిగి కిందికి మోయవలసి ఉంటుంది. అందువలన సందర్శకులు తమ చెత్తను తామే కిందికి తీసుకువెళ్ళాలని నిర్వాహకులు కోరుతారు.

వృక్ష, జంతు సంపద

ఒక్క రోజు నడకలో ప్రయాణికుడు పలు వృక్ష మండలాలను దాటుతాడు. సుమారు 1,500 మీటర్ల వరకు స్ప్రూస్ అడవి, దాని పై అంచున లార్చ్, స్విస్ పైన్ చెట్లు ఉంటాయి. ఆ పైన సుమారు 1,800 మీటర్ల వరకు నేలను అంటుకొని పెరిగే మరుగుజ్జు పైన్ పొదలు వ్యాపించి ఉంటాయి. ఈ పొదల వేళ్ళు మట్టిని, మంచును పట్టి ఉంచుతాయి. వాటికి పైన గడ్డి మైదానాలు, చివరకు నాచు, రాతిపూవు మాత్రమే పెరిగే శిలలు ఉంటాయి.

టాట్రా షమోయ్ అనే కొండమేక వంటి జంతువు ఈ పర్వతాలకే పరిమితమైన ఉపజాతి. 1990ల చివరలో వీటి సంఖ్య 200కు లోపుగా పడిపోయినది. రక్షణ చర్యల తరువాత ఇవి తిరిగి వృద్ధి చెంది వెయ్యి దాటినాయి. కుటీరము పరిసరాలలో వీటిని తరచుగా చూడవచ్చును. మార్మట్ అనే పెద్ద ఉడుత జాతి జంతువు రాళ్ళ మధ్య బొరియలలో నివసిస్తుంది. అపాయము పసిగట్టినప్పుడు ఇది ఈల వంటి ధ్వని చేస్తుంది. కింది అడవులలో గోధుమ రంగు ఎలుగుబంట్లు ఉన్నాయి.

పరిరక్షణ

ఈ ప్రాంతము 1949 జనవరి 1న ఏర్పడిన టాట్రా జాతీయ వనములో భాగము. స్లోవేకియాలో ఇదే మొదటి జాతీయ వనము. సరిహద్దుకు అవతల పోలెండు దేశము కూడా తన వైపు జాతీయ వనాన్ని ఏర్పాటు చేసినది. రెండు దేశాల టాట్రా ప్రాంతాన్ని 1992లో యునెస్కో జీవావరణ పరిరక్షణ ప్రాంతముగా గుర్తించినది.

వనములో గుర్తులు వేసిన దారిని వదలి నడవటము, గుడారాలు వేయటము, మొక్కలు కోయటము నిషిద్ధము. 2004 పెనుగాలి తరువాత కూలిన చెట్లను తొలగించాలా, లేక ప్రకృతికే వదలివేయాలా అన్న విషయము మీద అటవీ అధికారులు, పర్యావరణవాదుల మధ్య తీవ్ర వివాదము జరిగినది. కూలిన చెట్లలో బెరడు పురుగులు పెరిగి మిగిలిన అడవిని నాశనము చేస్తాయని మొదటి వర్గము వాదించినది. మానవ జోక్యము లేకుండానే అడవి తనను తాను పునరుద్ధరించుకొంటుందని రెండవ వర్గము వాదించినది.

వాతావరణము మరియు ప్రమాదాలు

ఎత్తు పెరిగే కొద్దీ ప్రతి 100 మీటర్లకు ఉష్ణోగ్రత సగటున 0.6 డిగ్రీల సెంటీగ్రేడు తగ్గుతుంది. ఈ లెక్కన స్టారీ స్మోకోవెత్స్ కన్నా టేరీ కుటీరము వద్ద సుమారు 6 డిగ్రీలు చల్లగా ఉంటుంది. గాలి వీచినప్పుడు శరీరానికి చలి ఇంకా ఎక్కువగా తెలుస్తుంది. వేసవిలో కూడా మంచు కురిసే రోజులు ఉంటాయి. 2,000 మీటర్ల వద్ద గాలి పీడనము సముద్ర మట్టపు పీడనములో సుమారు ఐదింట నాలుగు వంతులు ఉంటుంది. ఆరోగ్యవంతులకు దీని వలన సాధారణముగా జబ్బు కలగదు. అయితే ఆయాసము త్వరగా వస్తుంది.

వేసవిలో ముఖ్యమైన అపాయము మధ్యాహ్నపు ఉరుములు, పిడుగులు. ఉదయపు ఎండకు వాలులు వేడెక్కి, తేమ గాలి పైకి లేచి, మధ్యాహ్నానికి మేఘాలుగా మారుతుంది. అందువలన తెల్లవారుజామునే బయలుదేరి, మధ్యాహ్నము లోపు ఎత్తైన భాగములను దాటి రావటము పర్వత ప్రయాణికుల ఆచారము. ఉరుములు వినిపించినప్పుడు కనుమలోని ఇనుప గొలుసులకు దూరముగా ఉండవలెను.

శీతాకాలములో ప్రధాన అపాయము హిమపాతము. టేరీ కుటీరము వరకు దారి సంవత్సరము అంతా తెరచి ఉంటుంది. అయితే దాని పైనున్న కనుమల దారులను నవంబరు 1 నుండి వేసవి ఆరంభము వరకు మూసివేస్తారు. ప్రయాణికుల భద్రత, జంతువుల ప్రశాంతత రెండూ ఈ మూసివేతకు కారణాలు. తెరచి ఉన్నంత మాత్రాన కుటీరము దారి సురక్షితమని భావించరాదు. చివరి రాతి గోడ చుట్టుపక్కల వాలుల నుండి మంచు జారిపడే అవకాశము ఉన్నది. శీతాకాలములో ఇనుప ముళ్ళ తొడుగులు, మంచు గొడ్డలి, హిమపాత సంకేత పరికరము లేకుండా వెళ్ళకూడదు. ఆ రోజు హిమపాత సూచన చూసుకొనుట తప్పనిసరి.

రక్షణ సేవలు

టాట్రాలో వ్యవస్థీకృత రక్షణ దళము పనిచేస్తున్నది. ప్రస్తుతము "హోర్‌స్కా జాఖ్రన్నా స్లుజ్బా" (పర్వత రక్షణ సేవ) అనే ప్రభుత్వ సంస్థ ఈ బాధ్యత నిర్వహిస్తున్నది. దీని అత్యవసర టెలిఫోను సంఖ్య 18 300. ఐరోపా అంతటా పనిచేసే 112 సంఖ్యకు కూడా ఫోను చేయవచ్చును.

2006 నుండి స్లోవేకియా పర్వతాలలో రక్షణ ఖర్చును రక్షించబడిన వ్యక్తియే భరించవలెను. హెలికాప్టరు అవసరమైతే ఈ ఖర్చు చాలా పెద్ద మొత్తము అవుతుంది. అందువలన పర్వతాలకు వర్తించే బీమా తీసుకొనుట ఆనవాయితీ అయినది. సరిహద్దుకు అవతల పోలెండు వైపు ఇదే పర్వతాలలో రక్షణ ఉచితము. ఖర్చుకు భయపడి క్షతగాత్రులు సాయము కోరుటలో ఆలస్యము చేయకూడదన్నది ఉచిత సేవను సమర్థించేవారి వాదన. నిర్లక్ష్యముగా పర్వతాలకు వెళ్ళేవారి భారము ఇతర పౌరుల మీద పడరాదన్నది రెండవ పక్షము వాదన.

ప్రయాణికులకు సూచనలు

* తెల్లవారుజామున బయలుదేరుట మంచిది. నడకకే ఏడు గంటలు, విశ్రాంతికి మరి రెండు గంటలు లెక్కించుకోవలెను.
* చీలమండను పట్టి ఉంచే, జారని అడుగు గల బూట్లు అవసరము.
* వేసవిలో కూడా వెచ్చని చొక్కా, వాన కోటు, టోపీ వెంట ఉండవలెను.
* నీరు, కొద్దిపాటి ఆహారము, ప్రథమ చికిత్స సామాగ్రి, దీపము తీసుకువెళ్ళవలెను.
* పడకలు కొద్దిగానే ఉన్నాయి. రాత్రి బస చేయదలచిన వారు ముందుగా తెలియజేయవలెను.
* సరస్సులలో స్నానము చేయుట, చెత్త వేయుట నిషిద్ధము.
* వాతావరణము మారినా, బలము తగ్గినా వెనుదిరుగుట ఉత్తమము. జాంకోవ్‌స్కీ కుటీరం ఇందుకు అనువైన చోటు.

చేరుకొనే విధము

సమీప పట్టణము పోప్రాడ్. ఇది బ్రాటిస్లావా - కోషిత్సే ప్రధాన రైలు మార్గము మీద ఉన్నది. అక్కడి నుండి టాట్రా విద్యుత్ రైలులో స్టారీ స్మోకోవెత్స్ చేరవచ్చును. రైలు కేంద్రము నుండి తాడు రైలు కేంద్రము కొద్ది నిమిషాల నడక దూరములో ఉన్నది.

ఇవి కూడా చూడండి

* టాట్రా పర్వతాలు
* కార్పాతియన్ పర్వతాలు
* స్లోవేకియా
* హిమానీనదము
* ఆమ్ల వర్షము
* హిమపాతము